పెద్ద కుర్చీ లేని గది

మా ఊరి అంగన్‌వాడీ గదిలో పెద్దవాళ్లు కూర్చునే కుర్చీ ఉండదు. ఉన్నవన్నీ పిల్లల కుర్చీలే, మన మోకాటికి కూడా రావు. చూడటానికి వచ్చిన అధికారులకు ఇది భలే నచ్చుతుంది. ఒక మేడమ్ అయితే "పిల్లల దగ్గరికి పెద్దలే వంగి రావాలన్న ఆలోచన" అని తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడి నేను వినయంగా తలూపాను.

అట్లాంటి ఆలోచన ఏదీ నాకు రాలేదు. ఆ గదిలో పెద్ద కుర్చీ లేకపోవడానికి కారణం ఒకే ఒక్క మనిషి. ఆ మనిషిని పిల్లల కుర్చీలో, నలుగురి ముందర కూర్చోబెట్టాలని మూడేళ్లు కాచుకున్నాను.

మా కోయిలకుంట్ల పక్క ఒక పద్ధతి ఉంది. ఇంటికి పగవాడు వచ్చినా సరే ముందు కుర్చీ వేస్తాం. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఆ తర్వాత తిట్టుకుంటాం. వచ్చిన మనిషికి కుర్చీ వేయలేదంటే ఇక వాళ్ల మధ్య మాటలతో పని లేదన్నమాట. టీ కొట్టు దగ్గర చేరే ముసలివాళ్లు "వాళ్లింటికి పోతే కుర్చీ గూడ ఎయ్యల్యా" అని ముప్పై ఏళ్ల కిందటి సంగతిని నిన్న జరిగినట్టు చెప్పుకుంటారు. కుర్చీ వేయకపోవడమే అంత పెద్ద మాట అయినప్పుడు, వెక్కిరించడానికి కుర్చీ వేస్తే అది ఎంత మాటో మీరే చూసుకోండి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా రిటైరయ్యాను. ఆ తర్వాత రెండేళ్లకు బస్టాండు వెనకున్న ప్రైవేటు బడి కరస్పాండెంటు కబురు పెట్టాడు. నర్సరీ గోడల మీద బొమ్మలు వేయాలి, వేశాక ఆ పిల్లల్ని కూడా కాస్త చూసుకోవాలి. చిలుకలు వేశాను, ఏనుగు వేశాను, ఇరవై పెట్టెల రైలు వేశాను. ఇరవై అని అందరికీ చెబుతాను గానీ పెట్టెలు ఐదే. ఆరో పెట్టె దగ్గర తలుపు అడ్డమొచ్చింది.

ఆ గదిలో ఒక గాజు బీరువా ఉండేది. లోపల పూసల చట్రాలు, రంగురంగుల చెక్కముక్కలు, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు. దాని తాళంచెవి కరస్పాండెంటు నడుముకు వేలాడేది. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులను ఆ బీరువా ముందు నిలబెట్టి, "మా బళ్లో పిల్లోళ్లు ఆడుకుంటానే నేర్చుకుంటారు" అని చెప్పేవాడు. మిగతా రోజుల్లో పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి లోపలికి చూసేవాళ్లు. సాయంత్రం ఆయా గుడ్డ తడిపి ఆ ముక్కుల మరకలు తుడిచేది. అది ఆమె పనుల్లో ఒకటి.

ఒకసారి ఆయన తాళాల గుత్తి ఆఫీసులో మరిచిపోయి మంత్రాలయం పోయాడు. నేను బీరువా తెరిచాను. ఆ పొద్దంతా గదిలో ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఎవరినీ కొరకలేదు. ఒక పిల్లవాడు మాత్రం చట్రంలోంచి ఎర్రపూస ఒకటి ఊడదీసి చెవిలో పెట్టుకున్నాడు. ఆయా దగ్గర జడపిన్ను తీసుకుని, దాంతో పూసను బయటికి లాగి నా చొక్కా జేబులో వేసుకున్నాను. వేసుకుని మరిచిపోయాను.

మరునాడు కరస్పాండెంటు పూసలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. ఆ రోజే అడ్మిషన్లు. తల్లిదండ్రులు పదిమంది దాకా ఉన్నారు, టీచర్లు ఉన్నారు. నన్ను పిలిపించాడు.

"ఏమప్పా అయ్యోరా, నీకు వయసెంత?"

"అరవై రెండు సార్."

"బీరువా తెరిచింది నువ్వా, పిల్లోళ్లా?"

"నేనే సార్."

"పిల్లోని పని చేసినావు. పిల్లోని కుర్చీలోనే కూసో." ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకదాన్ని కాలితో నా ముందుకు తోశాడు.

ఆ కుర్చీని ఒక్క తన్ను తన్నానని, అది పోయి గాజు బీరువాకు తగిలి అద్దం భళ్లున పగిలిందని, "నీ బడీ వద్దు, నీ బొమ్మలూ వద్దు" అని బయటికొచ్చేశానని టీ కొట్టు దగ్గర ఎన్నోసార్లు చెప్పాను. విన్నవాళ్లు నా టీ డబ్బులు కూడా వాళ్లే ఇచ్చారు. ఇప్పుడు నిజం రాస్తున్నాను. నేను కూర్చున్నాను. మోకాళ్లు గుండెకు ఆనుకున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ వెనక అందరూ నవ్వారు. ఒక తల్లి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను "సారీ సార్" అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. అట్లా ముడుచుకుని కూర్చున్నప్పుడు జేబులోని పూస రొమ్ముకు గుచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. తీసి ఇచ్చేస్తే సరిపోయేది. ఇవ్వలేదు. ఇప్పటికీ అది నా దగ్గరే, అగ్గిపెట్టెలో ఉంది.

మరుసటి రోజు నుంచి నేను ఆ బడికి పోలేదు.

ఆ బడికి రెండు వీధుల అవతలే అంగన్‌వాడీ. అందులో టీచరు మా తమ్ముని కోడలు. గదిలో ఒక ఇనుప బీరువా, దానికి తాళం. పైకప్పుకు ఆనించినట్టు ఎక్కడో పైన అక్షరాల చార్టులు. ఆమెకు ఒక పెద్ద కుర్చీ. పిల్లలు ఏడుగురు.

"గుడ్డు తింటారు, పోతారు మామా," అని ఒకరోజు వాపోయింది. "కూసోమంటే కూసోరు. కాస్త ఉన్నోళ్లంతా ఆ బస్టాండు బడికే పోతాండారు. ఇట్లయితే ఈ సెంటరు యాడన్నా కలిపేస్తారు."

బస్టాండు బడి అనేసరికి నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నేను సరిచేస్తా ఉండు," అన్నాను.

"నీకేం తెలుసు మామా ఇంత చిన్నోళ్ల సంగతి?"

"శానా పుస్తకాలు చదివినా."

ఒక్కటి కూడా చదవలేదు. కరస్పాండెంటు గదిని కళ్ల ముందు పెట్టుకుని దాన్ని తలకిందులు చేశాను, అంతే. ఆయన అందకుండా పెట్టినవి నేను అందేట్టు పెట్టాలి. ఆయన బీగం వేసినవి నేను పిల్లల చేతిలో పెట్టాలి. ఆయన "ముట్టొద్దు" అన్నచోట నేను "నువ్వే తీసుకో" అనాలి. పగపట్టినవాడికి పాఠ్యప్రణాళికతో ఏం పని?

మొదట గూళ్లు. తెలిసిన మేస్త్రీ ఒకడు ఎక్కడో మిగిలిన బేతంచెర్ల నాపబండలు తెచ్చి గోడ పొడుగునా అరలు కట్టాడు. ఎంత ఎత్తు అంటే, అందరికంటే పొట్టి పిల్లను నిలబెట్టి గడ్డం దగ్గర గీత గీశాను. కంటికి బాగా కనిపిస్తుంది కదా అని. ఆ పిల్ల నీళ్ల చెంబున్న పళ్లేన్ని రెండు చేతులతో ఎత్తింది. చేతులు గడ్డం ఎత్తుకు పోయేసరికి పళ్లెం ఇటు వంగి, చెంబులోని నీళ్లన్నీ ముఖం మీద పడ్డాయి. బిత్తరపోయి నావైపు చూసింది, ఏడవాలా వద్దా అన్నట్టు. అప్పుడు తెలిసింది, ఎత్తాల్సిన వస్తువు బొడ్డు దగ్గర ఉండాలి. మేస్త్రీ బండలన్నీ విప్పి మళ్లీ కట్టాడు.

"అయ్యోరా, ఇది నీ బొమ్మ మాదిరి తుడిచి మళ్లా ఏసేది కాదప్పా," అని తిడుతూనే కట్టాడు.

ఆ బండల మీద ఒక్కో పని ఒక్కో పళ్లెంలో పెట్టాం. ఒకదాంట్లో చెంబు, రెండు గ్లాసులు, కారితే తుడుచుకోను గుడ్డ. ఒకదాంట్లో శనగలూ కందులూ కలిపి పోసి, వేరు చేసుకోను రెండు గిన్నెలు. నా పాత చొక్కాల ముందుభాగాలు కత్తిరించి చెక్కలకు బిగించాను, గుండీలు పెట్టేది నేర్చుకోవడానికి. ఒక పళ్లెం నిండా పాత బీగాలు, వాటి తాళంచెవులు. నడుముకు తాళాల గుత్తి కట్టుకుని తిరిగే మనిషి మీద కోపంతో పెట్టిన పళ్లెం అది. పిల్లలు దానికోసమే పొద్దున్నే వచ్చేవాళ్లు. దేనిదైనా ఒకటే, రెండోది ఉండదు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు కాచుకోవాలి.

వస్తువు ఉండాల్సిన చోట బండ మీద దాని ఆకారాన్ని నల్ల పెయింటుతో నింపాను. పళ్లెం నీడ, చీపురు నీడ, చేట నీడ. వస్తువు దాని మీద కూర్చుంటే నీడ కనబడదు, తీస్తే కనబడుతుంది. ఎక్కడైనా నల్లగా ఖాళీ కనిపిస్తే పిల్లలే "చేట యాడ? చేట యాడ?" అని వెతికేవాళ్లు. పూసలు లెక్కపెట్టే పని ఎవరికీ లేదు. నలభై ఏళ్లు బొమ్మలు గీశాను గానీ, ఇంత పనికొచ్చిన బొమ్మ అంతకుముందు ఒక్కటీ గీయలేదు.

మా తమ్ముని కోడలికి చేతులు ఊరుకోవు. పిల్లవాడు గుండీ కోసం తంటాలు పడుతుంటే దూరి పెట్టేసేది.

"చెయ్యి తియ్యమ్మా," అనేవాణ్ణి.

"అర్ధగంట నుంచి పెడతాండాడు మామా!"

"పెట్టనీ. మీ ఆయన ఇప్పటికీ గుండీ తప్పు పెట్టుకుంటాడు, వాళ్లమ్మ ఇట్లనే పెట్టింది కాబట్టి."

ఆ మాటతో నవ్వి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ రోజు ఆ పిల్లవాడు గుండీ పెట్టాడు. పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు.

ఇక అసలు పని. ఒకరోజు ఆమె రాకముందే పెద్ద కుర్చీని మా ఇంటికి మోయించాను.

"నా కుర్చీ యాడ మామా?"

"పిల్లోళ్ల ఎత్తుకు మనం రావల్ల. పుస్తకాల్లో అట్లనే ఉండాది."

"నా నడుములు పోతే పుస్తకాలు వస్తాయా?" అని సణుగుతూ చిన్న కుర్చీలో కూర్చుంది. పాపం, ఆమె నడుముకు జరిగిన అన్యాయం నాదే. ఆ పెద్ద కుర్చీ ఇప్పటికీ మా వసారాలో ఉంది. ఇది రాస్తున్నది కూడా దాంట్లో కూర్చునే.

పిల్లలకు కుర్చీ వేయడం ఒక పాఠంగా నేర్పాను. రెండు చేతులతో కుర్చీని పట్టుకోవాలి, ఎవరికీ తగలకుండా నడవాలి, నేల మీద చప్పుడు కాకుండా దించాలి, "కూసోండి" అనాలి. తర్వాత చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంచి ఇవ్వాలి. గడపలో ఎవరు కనబడినా సరే. గుడ్లు తెచ్చే ఆటోవాడికి కూడా వేశారు. వాడు సిగ్గుపడి కూర్చుని నీళ్లు తాగిపోయాడు. నేను మాత్రం ఒక్క మనిషి కోసం నేర్పాను. ఎర్ర కుర్చీ కావాలని కోయిలకుంట్ల బజారంతా తిరిగి తెచ్చాను.

కొన్ని నెలలకు నలభై మంది పిల్లలయ్యారని, బస్టాండు బడి నర్సరీ ఖాళీ అయ్యిందని టీ కొట్టులో చాటాను. అయింది పన్నెండు మంది. అందులో ఇద్దరు మా తమ్ముని కోడలి చెల్లెలి కవలపిల్లలు. అయినా సెంటరు కలిపేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మూడో ఏడు కరస్పాండెంటు కూతురు రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వెంట నాలుగేళ్ల మొదటి పాప. ఆ పాపను తాత బడిలో కూర్చోబెడితే మూడు రోజులు ఏడ్చిందట. వాళ్లింట్లో గిన్నెలు తోమే ఆమె కొడుకు మా దగ్గరికి వచ్చేవాడు. వాడి వెంట పడి ఈ పాప కూడా వచ్చేసింది. తల్లి పంతం పట్టి, "ఏడవకుంటే సాలు, ఆడికే పోనీ," అన్నదట. గుమ్మంలో ఆ పాపను చూసి నేను లోలోపల ఎగిరి గంతేశాను. పాప వచ్చిందంటే తాత రాక ఎక్కడికి పోతాడు?

వారం తిరగకముందే వచ్చాడు. అది మంగళవారం. తల్లులందరూ గుడ్లకూ పాలకూ వచ్చి గోడవారన వరసగా నిలబడి ఉన్నారు. కరస్పాండెంటు చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి, "మా పాప యాడుండాది?" అన్నాడు.

పాప బీగాల పళ్లెం వదిలి లేచింది. నేను కన్ను కూడా గీటలేదు. తనే పోయి ఎర్ర కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, ఎవరికీ తగలకుండా నడిచి, చప్పుడు కాకుండా దించింది.

"కూసో తాతా."

ఆయన అటూ ఇటూ చూశాడు. "పెద్ద కుర్చీ ల్యాదా అయ్యోరా?"

"ల్యా సార్. ఈడ అందరికీ ఇవే," అన్నాను. ఆ మాటను మూడేళ్లుగా నోట్లో నానబెట్టుకుని ఉన్నాను.

ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు.

కూర్చున్నవాడు కుర్చీలో ఇరుక్కుపోయాడని, ముగ్గురు పట్టి లాగితే గానీ రాలేదని ఊరంతా చెప్పాను. ఇదీ అబద్ధమే. మనిషి బక్కపలచన. హాయిగా కూర్చున్నాడు. పాప నీళ్లు వంచింది, ఒక్క చుక్క కింద పడలేదు. ఆయన గ్లాసును రెండు చేతులతో అందుకుని తాగాడు. నేను తల్లుల వైపు చూశాను, ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు నవ్వుతారు అని. ఒక్కరూ నవ్వలేదు. పెద్దమనిషి తమ పిల్లల మధ్యకొచ్చి కూర్చున్నాడని కొంగులు సర్దుకున్నారు. తట్టుకోలేక, దగ్గర నుంచి అయినా చూద్దామని ఆయనకు ఎదురుగా ఇంకో చిన్న కుర్చీలో కూర్చున్నాను. లేవబోతే లేవలేకపోయాను.

"పట్టుకో అయ్యోరా," అని ఆయనే చెయ్యి ఇచ్చి లేపాడు.

అప్పుడు నవ్వారు తల్లులు.

నా పగ అక్కడితో రెట్టింపైంది. అదే సమయానికి ఆయన గోడ వెంబడి నడుస్తూ బండలు తడుముతున్నాడు. "బాగుండాది. మా బళ్లో గూడ ఏపిస్తా. ఎంత ఎత్తు పెట్టల్ల?"

"మావి పేదోళ్ల పిల్లోళ్లు సార్, పొట్టోళ్లు," అన్నాను. "మీ బళ్లో పాలూ నెయ్యీ తిన్నోళ్లు, బూట్లేసుకుంటారు. గడ్డం దాకా పెట్టించండి, దర్జాగా ఉంటది."

పొగిడితే ఆయనకు ముందూ వెనకా కనబడదు. మా తమ్ముని కోడలు తలెత్తి, "మామా, గడ్డం కాదు గదా..." అనబోయింది.

"నువ్వు గుడ్లు పంచమ్మా," అన్నాను.

నెల తర్వాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. 'మా బడిలో పిల్లలే తమ పనులు తామే చేసుకుంటారు' అని, పక్కన కరస్పాండెంటు నవ్వుముఖం. ఆ నవ్వు ఎంతసేపుంటుందో చూద్దామని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఆ బడి గేటు దాకా నడిచాను.

గేటు లోపల ఎండలో ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. నాలుగేళ్లుంటాయేమో. చొక్కా ముందంతా తడి, నెత్తి మీంచి నీళ్లు కారుతున్నాయి. వేలు నోటికి అడ్డం పెట్టి నిలబెట్టారు. లోపలి నుంచి ఆయా గొంతు వినబడుతోంది. "పొద్దున్నుంచి నాలుగోవాడు! మల్లా ఎవురన్నా చెంబు ముట్టండి, చెప్తా!"

"ఏమైంది నాయనా?" అని గేటు కమ్మీల్లోంచి అడిగాను.

వాడు నోటి మీద వేలు తీయలేదు. రెండో చేతిని గడ్డం దాకా ఎత్తి, అక్కడి నుంచి కిందికి వంచి చూపించాడు.

ఎట్లా తిరిగొచ్చానో తెలియదు. పిల్లలు వెళ్లిపోయాక చిన్న కుర్చీలు పేర్చుతున్న మా తమ్ముని కోడలికి చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపలేదు.

"పగ ఆయన మీదనా మామా, ఆ పిల్లోళ్ల మీదనా?"

"ఆయన మీదనే."

"అట్లయితే ఆయనకే పోయి చెప్పు. నాకు చెప్తే చొక్కాలు ఆరతాయా?"

మరునాడు పోయాను. నన్ను చూడగానే ఆయన లేచాడు. "రా అయ్యోరా, రా. ఏయ్, పెద్దాయనకు కుర్చీ ఎయ్యండి!" మెత్తవేసిన పెద్ద కుర్చీ వేశారు. నేను పొట్టివాణ్ణి. కూర్చుంటే పాదాలు నేలకు అందలేదు. కాళ్లు వేలాడేసుకుని చెప్పాను.

"గడ్డం కాదు సార్, బొడ్డు. బండలు దింపించండి."

"అప్పుడు గడ్డమంటివే?"

"అంటి."

"మర్చిపోయి అన్నావా, కావాలనే అన్నావా?"

"కావాలనే."

"ఆ పూస గురించా?"

"పూస కాదు. కుర్చీ."

"ఏ కుర్చీ?"

నటిస్తున్నాడేమో అని కళ్లలోకి చూశాను. నటన కాదు. పూస పోయింది ఆయనకు గుర్తుంది. నన్ను కూర్చోబెట్టింది గుర్తు లేదు. మూడేళ్లు నేను మోసిన దాన్ని ఈ మనిషి ఆ సాయంత్రమే మరిచిపోయి అన్నం తిన్నాడు. గుర్తు చేసి మళ్లీ ఆ కుర్చీలో నేనే కూర్చోవడం ఎందుకు?

మేస్త్రీకి అక్కడే ఫోన్ చేశాడు. బండలు ఆదివారానికల్లా దించమన్నాడు. అందాకా చెంబుల్లో నీళ్లు పోయొద్దని, పిల్లలను ఎండలో నిలబెట్టొద్దని ఆయాను పిలిచి నా ముందే చెప్పాడు. ఆ విషయంలో ఆయనను తప్పుపట్టలేను. పట్టాలని ఉంది గానీ, లేను.

తర్వాత ముందుకు వంగి అడిగాడు. "ఇంకోటి అయ్యోరా. మా బళ్లో వస్తువులన్నీ కలగాపులగం అయితాండాయి. మీ దగ్గర ఏది తీసినా మళ్లా దాని చోటికే పోతాంది. అదెట్ల?"

నీడలు ఆయన చూడలేదు. ఆ రోజు అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి, ఒక్క బీగాల పళ్లెం తప్ప. ఆయన బండలు తడిమేలోపే పాప దాన్ని కూడా దాని నీడ మీద పెట్టేసింది.

కుర్చీలోంచి కిందికి దూకాను. దిగానని రాయాలి గానీ, నిజంగా దూకాల్సే వచ్చింది.

"అది ఈడ కూసోని చెప్పేది కాదు సార్. మీరే ఒకసారి రావల్ల. పిల్లోళ్లు వస్తువులు తీసిన యాళకు వచ్చి కూసుంటే తెలుస్తది. కుర్చీ ఏపిస్తా."

"ఎప్పుడు రమ్మంటావు?"

గుడ్లు పంచేది మంగళవారం. తల్లులందరూ ఉంటారు. మంగళవారమే రమ్మన్నాను.